మంచి కాలు చూసిన యాదమ్మ

ముప్పై ఏళ్లు నేను మనుషుల కాళ్ల దగ్గర కూర్చుని ఉద్యోగం చేశాను. మేడ్చల్ రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆపరేషన్ల వార్డులోనూ దానికి ఆనుకుని ఉన్న కాళ్ల డ్రెస్సింగ్ గదిలోనూ నర్సుని. మగ నర్సుని ఆసుపత్రుల్లో బ్రదర్ అంటారు. డెబ్భై ఏళ్ల అవ్వా నన్ను బ్రదర్ అనేది, ఆమెను చూడ్డానికి వచ్చిన మనవడూ బ్రదర్ అనేవాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి దూలపల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి, ఆ ఒక్క పిలుపుతో చుట్టుపక్కల పది ఊళ్లకు చుట్టాన్నయ్యాను. యాభై ఆరేళ్లకు నడుము ఇక వంగనని మొరాయిస్తే మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. దాంతోపాటు ఒక తప్పు దిద్దుతున్నాను. మా ఆసుపత్రి శిక్షణ పుస్తకంలో ‘కడియం కేసు’ అని ఒక పేజీ ఉండేది. కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ దాన్ని చదివి వినిపించేవారు. ఆ పేజీలో పన్నెండేళ్లపాటు నా పేరు ఉంది. అక్కడ ఉండాల్సిన పేరు నాది కాదు.

పని ఎలా ఉంటుంది

గుండె నుంచి కాలికి రక్తం దిగడం తేలిక. మళ్లీ పైకి ఎక్కడమే కష్టం. పిక్క కండరం పిండుతుంటే సిరల్లో రక్తం ఎక్కుతుంది. గంటల తరబడి కదలకుండా నిలబడేవాళ్లకు, మంచం దిగలేనివాళ్లకు ఆ ఎక్కడం మందగిస్తుంది. కొందరికి సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, చీలమండ పైన పుండు పడి ఏళ్ల తరబడి మానదు. కొందరికి లోపలి సిరలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులకు చేరితే మనిషి నిమిషాల్లో పోవచ్చు.

ఇందులో డాక్టరు చేసేది డాక్టరు చేస్తాడు. మిగిలినదంతా నర్సు చేతిలో ఉంటుంది. కట్టు కట్టడం, కాలు ఎత్తిపెట్టించడం, ఆపరేషన్ అయినవాళ్లతో పాదాలు ఆడించడం, వీలైనంత తొందరగా లేపి నాలుగడుగులు వేయించడం. చూడ్డానికి చిన్న పనులు. గొప్ప పని చేశాం అనిపించే రోజులు తక్కువ. నవ్వుకునే రోజులు మాత్రం చాలా ఉంటాయి, దానికి నేను హామీ ఇవ్వగలను.

దోశెల మాస్టరు భార్య

గండిమైసమ్మ చౌరస్తాలో ఒక టిఫిన్ సెంటర్‌లో దోశెలు పోసే నర్సింలు నాలుగేళ్ల పుండుతో వచ్చాడు. పెనం ముందు రోజుకు పది గంటలు నిలబడే మనిషి. పుండు శుభ్రం చేసి, కాలివేళ్ల దగ్గర్నుంచి మోకాలి కింద దాకా సాగే పట్టీ కట్టి పంపాను. కింద బిగువు, పైకి పోయే కొద్దీ వదులు. అలా కడితేనే రక్తం పైకి వెళుతుంది. ఇదంతా ఆయనకు పూస గుచ్చినట్టు చెప్పాను. ఆయన తల ఊపాడు.

వారం తర్వాత వచ్చాడు. కట్టు నేను కట్టినదానికంటే నీటుగా ఉంది. పాదం మాత్రం పూరీలా పొంగింది.

“ఎవరు కట్టారిది?” అన్నాను.

“నేనే బ్రదర్” అంది వెనకాల నిలబడ్డ ఆయన భార్య లక్ష్మి. “పైన గట్టిగ గుంజి కట్టిన. లేకుంటె జారి కాళ్లల్ల పడ్తది గద, లంగ లెక్క.”

నర్సింలు సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఆమెకు కోపంగా ఏదో చెప్పబోయి ఆగాను. తప్పు ఆమెది కాదు. ఇంట్లో కట్టే చేయి ఆమెది, నేను చెప్పింది ఆయన చెవికి. ఆ రోజు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, నా కాలే ముందు పెట్టి మూడుసార్లు కట్టించాను. మూడోసారికి నాకంటే బాగా కట్టింది. ఆ సంగతి ఆయనకు చెప్పడం పొరపాటైంది. “ఇగ ఇంట్ల ఈమెను పట్టలేం” అని వాపోయాడు. కొన్ని నెలలకు పుండు మానింది. ఇంట్లో ఏ చేయి ఆ పని చేస్తుందో కనుక్కుని, నేర్పేది ఆ చేతికే నేర్పండి.

సుశీలమ్మ గారి టేపు

మా నర్సింగ్ సూపరింటెండెంట్ సుశీలమ్మ గారు. గొంతు పెంచేవారు కాదు. జేబులో ఎప్పుడూ ఒక టైలరు టేపు ఉండేది. పెద్ద ఆపరేషన్ అయిన ప్రతి రోగికీ రోజూ పొద్దున్నే రెండు పిక్కల చుట్టుకొలతా తీయాలని ఆమె నియమం. మోకాలి కింద పెన్నుతో గీత పెట్టి, ప్రతిరోజూ అదే చోట కొలవాలి. ఒక కాలు మరోదానికంటే లావెక్కితే గడ్డ కట్టిందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఎప్పుడైనా హఠాత్తుగా వచ్చి ఏదో ఒక మంచం దగ్గర ఆమే కొలిచేవారు. అంకె తేడా వస్తే, “టేపు వంగలేదా, మీరు వంగలేదా?” అని అడిగేవారు. అంతే తిట్టడం. అది రెండు రోజులు గుచ్చుకునేది.

వార్డులో ఇంకో నియమం కూడా ఉండేది. అది ఎవరూ పెట్టింది కాదు. మా ఆయా యాదమ్మ తనే మొదలుపెట్టుకుంది. అత్వెల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చి, మంచం దిగలేని ప్రతి రోగికీ గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడిగి, మెత్తటి గుడ్డతో వేళ్ల సందులు కూడా తుడిచేది. ఎందుకమ్మా ఈ అదనపు చాకిరీ అంటే, “మొకం గడుగుతరు గద. కాళ్లేం పాపం జేసినయి?” అనేది.

నేను చేసిన తప్పు

శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు అమ్మే బాలమణి, బుట్టతో కట్ట దిగుతూ జారి కుడి తుంటి విరగ్గొట్టుకుని వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి. ఆపరేషన్ బాగా జరిగింది. స్పృహ వచ్చిన దగ్గర్నుంచి ఒకటే గోల.

“జల్ది లేపు బ్రదర్. నేను లేకుంటె నా జాగల ఆ పక్కది గంప వెడ్తది.”

మూడో రోజు ఇంకో గోల. ఆపరేషన్‌కు ముందు ఆమె వెండి కడియాలు తీసి కూతురు అండాలు చేతికిచ్చాం. “మా ఆయన బతికే ఉన్నడు. బోసి కాళ్లతోని నన్ను ఎవరన్న జూస్తె ఏమనుకుంటరు?” అని పట్టుబట్టింది. ఆపరేషన్ అయిన కాలికి వద్దన్నాం. యాదమ్మ నవ్వుతూ సబ్బు నీళ్లు రాసి, ఎడమ కాలికి ఒక్కటి తొడిగింది. ఒక్కటైనా చాలని బాలమణి శాంతించింది.

నేను రోజూ పొద్దున కుడి పిక్క కొలిచాను. ఎడమ పిక్కను మొదటి రోజు ఒక్కసారి కొలిచాను. ముప్పై మూడు సెంటీమీటర్లు. రెండో రోజు నుంచి దుప్పటి కూడా తీయకుండా అదే అంకె రాశాను. పని ఎక్కువగా ఉందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ కాలికి ఏమీ కాలేదు కదా, అది ఎందుకు మారుతుందని అనుకున్నాను. మూడో రోజు ముప్పై మూడు. నాలుగో రోజు ముప్పై మూడు. ఐదో రోజూ ముప్పై మూడే.

ఆరో రోజు పొద్దున నేను వెళ్లేసరికి అండాలు మంచం చివర కూర్చుని నువ్వుల నూనెతో తల్లి ఎడమ పిక్క పిసుకుతోంది.

“రాత్రి నుంచి గీ కాలు గుంజుతాందట బ్రదర్. ఆపరేషన్ కాలు ముట్టొద్దన్నరు గదా. గందుకే దీన్ని పిసుకుతున్న. మంచిదేనా?”

మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ప్రేమ అంటే కాళ్లు పిసకడమే. ఒక కాలు వద్దంటే ఆ ప్రేమంతా రెండో కాలి మీదకు పోతుంది. నేను ఆలోచించాల్సింది అక్కడే. నేనన్న మాట ఇది: “మంచి కాలే కదమ్మా, పిసుకు.”

అప్పటికి యాదమ్మ తొట్టితో అక్కడే ఉంది. నా చేయి పట్టుకున్నంత పని చేసింది.

“బ్రదర్, జర ఆగు. నిన్న కడిగేటప్పుడు గీ కడెం గిర్రున తిరిగింది. ఇయ్యాల తిరుగుతలేదు. కాలుకు అతుక్కున్నది.”

“ఆరు రోజులుగా పడుకుని తింటోంది యాదమ్మా. ఒళ్లు చేసుంటుంది.”

“ఒళ్లు జేస్తె ఒక్క కాలే జేస్తదా?”

జవాబు లేనప్పుడు పైవాళ్లు అనే మాటే నేనూ అన్నాను. “నీ పని నువ్వు చూసుకో.”

ఆమె తొట్టి తీసుకుని పక్క మంచం వైపు వెళ్లింది. ఐదు నిమిషాల్లో వార్డు మారుమోగింది. అండాలు చేయి తుడుచుకోవడానికి లేచిన క్షణంలో నూనె సీసా మాయమైంది. పక్క మంచం రోగి చెల్లెలి మీద అండాలుకు అనుమానం.

“ఇప్పుడే గీడ వెట్టిన. మీ దిక్కు గిట్ల వొచ్చిందా?”

“నీ సీస నాకెందుకు? మా ఇంట్ల నూనె లేదా? తలకు నూనె లేనోళ్ల లెక్క కనవడ్తున్ననా?”

“నీ తల సంగతి నాకెర్క లేదు గని, నా సీస సంగతి జెప్పు!”

ఆ సమయానికే మా పెద్ద డాక్టరు గారు రౌండ్లకు వచ్చారు. “ఇది వార్డా, సంతా?” అన్నారు. వెనక నుంచి యాదమ్మ ముందుకు వచ్చి, తుడిచే గుడ్డల తొట్టిలో చేయి పెట్టి సీసా తీసింది.

“నేనే దాసిన సారూ. తిట్టేదుంటె తర్వాత తిట్టుండ్రి. ముందుగాల గీ కడెం జర తిప్పుండ్రి.”

డాక్టరు గారు చికాకుగానే వంగారు. కడియం తిప్పబోయారు, కదల్లేదు. పిక్క మీద వేలు పెట్టారు. బాలమణి “అబ్బా” అంది. ఆయన అరచేయి ఒక కాలి మీద, తర్వాత రెండో కాలి మీద పెట్టి చూసి లేచారు. “ఈ కాలిని ఎవరూ ముట్టుకోవద్దు. వెంటనే స్కాను.” తర్వాత మా ఇద్దరి వైపూ చూసి, “ఎవరు గమనించారు?” అన్నారు.

యాదమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

“బ్రదరే సారూ. పొద్దుగాల్నె జూసి నూనె ఆపుమన్నడు. అండాలు ఇనకపాయె. గందుకే నేను దాసిన.”

స్కానులో ఎడమ పిక్క లోపలి సిరలో గడ్డ కనిపించింది. గడ్డ కట్టకుండా సూదిమందు ఇస్తున్నా కొందరికి ఇలా కడుతుంది, అది ఎవరి తప్పూ కాదు. ఆ కాలిని పిసకమని చెప్పడం నా తప్పు. మరో పది నిమిషాలు ఆ నూనె చేతులు ఆడి ఉంటే గడ్డ ఎటు పోయేదో నాకు తెలుసు. స్కానుకు పంపే ముందు టేపు తీసి కొలిచాను. ముప్పై ఆరున్నర. ఆ నిజమైన అంకెను, నా నాలుగు దొంగ అంకెల కింద రాశాను.

ఇప్పుడు ఆ చార్టు చూడండి. ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై ఆరున్నర. రోజూ విడవకుండా కొలిచి, మారిన రోజే పట్టుకున్న గొప్ప నర్సు చార్టులా లేదూ? డాక్టరు గారు కూడా అలాగే అనుకున్నారు. అది శిక్షణ పుస్తకంలోకి ఎక్కింది.

పన్నెండేళ్ల చేపలు

బాలమణి కోలుకుంది. మందులు వాడింది, పిక్కను బిగించి పట్టే మేజోళ్లు వేసుకుంది, చెరువు దగ్గర తన జాగా తను మళ్లీ పట్టుకుంది. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా నాకు చేపలు తెచ్చేది. “నా పానం నిలవెట్టినవు బ్రదర్” అని సంచి చేతిలో పెట్టేది. నేను సగం యాదమ్మకు ఇవ్వబోయేవాణ్ణి.

“తలకాయ నాకియ్యి, మిగిలింది నువ్వు తీస్కపో. నీ ఇంటామె పులుసు మంచిగ జేస్తదట గద” అనేది.

ఒకసారి ఎవరూ లేనప్పుడు అడిగాను, ఆ రోజు ఎందుకలా చెప్పావని. “ఊకో బ్రదర్. ఆమె బతికింది, సాలు” అని తొట్టి ఎత్తుకుంది. నాకది వీలుగా ఉంది కాబట్టి ఊరుకున్నాను. ప్రతి ఏడాదీ కొత్త నర్సుల ముందు నన్ను నిలబెట్టి ఆ పేజీ చదివినప్పుడు వినయంగా తల వంచుకునేవాణ్ణి. చూసేవాళ్లకు అది వినయమే. చప్పట్లు కొట్టేవాళ్లు. ఒక అబద్ధాన్ని ఆ రోజే దిద్దుకుంటే నిమిషం పని. ఆ తర్వాత అది చేపలు తింటూ ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది.

ఆఖరి నెల

నేను మానేయడానికి నెల ముందు కొత్త మేనేజరు వచ్చారు. ఆయాలు రోగుల ఒంటిపై చేయి వేయకూడదు, కాళ్లు కడగడం ఆపాలి, వయసు పైబడ్డవాళ్లు బట్టల గదికి వెళ్లాలి అని రాసి అతికించారు. జాబితాలో మొదటి పేరు యాదమ్మది. సోమవారం నుంచి అమలు. కాగితం నేనే ఆమెకు చదివి వినిపించాను.

“దుప్పట్లు మడత వెట్టాల్నా? నాకు పరేషానేం లేదు” అంది. కాసేపటికి మళ్లీ, “దుప్పట్లు మాట్లాడయి గద బ్రదర్” అంది.

ఆ మధ్యాహ్నం సుశీలమ్మ గారి గదికి వెళ్లి, దుప్పటి తీయకుండా రాసిన అంకెల దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“పన్నెండేళ్లు నోరు విప్పలేదు. పోయే నెలలో విప్పారు. దీన్ని ధైర్యం అనుకోమంటారా?”

“అనుకోవద్దండి. యాదమ్మను వార్డులో ఉంచండి.”

“నాకు చెబితే సరిపోదు. సోమవారం కొత్త పిల్లల తరగతి ఉంది. డాక్టరు గారినీ మేనేజరునూ పిలుస్తాను. వాళ్ల ముందు చెప్పండి.”

చెప్పాను. ముప్పై మంది కొత్త నర్సులు, గోడవారగా మేనేజరు, ముందు కుర్చీలో డాక్టరు గారు. పేజీ చదవడం అయ్యాక, అందులో ఏ మాట అబద్ధమో ఒక్కొక్కటీ చెప్పాను. తలుపు దగ్గర నిలబడ్డ యాదమ్మ నాకంటే ఎక్కువ కంగారు పడింది.

“గిదేంది బ్రదర్! పెద్దసారు ముంగట నన్ను అబద్దాలదాన్ని జేస్తివి!”

డాక్టరు గారు ఆమె వైపు తిరిగారు. “ఎందుకు చెప్పావు యాదమ్మా అబద్ధం?”

“మరేం జెయ్యాలె సారూ? మీ కోపం నాకెర్కనే. అప్పుడే బ్రదర్‌ను ఎల్లగొడ్తుంటిరి. అటుదిక్కు గదిల పుండ్లోళ్లు పదిమంది కూసున్నరు. ఎవలు గట్టాలె వాళ్లకు కట్లు? మీరు గడ్తరా?”

పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. డాక్టరు గారు అందరికంటే గట్టిగా నవ్వారు. తర్వాత నన్ను చూసి, “మీ సంగతి వేరే మాట్లాడతాను” అన్నారు. మాట్లాడారు కూడా. అది ఇక్కడ రాయను, న్యాయమైన తిట్లే. మేనేజరు గోడ మీది కాగితం తీయించారు. అయితే ఒక షరతు పెట్టారు. కాళ్లు కడుగుతూ ఏం చూడాలో ఆమె ఈ పిల్లలకు నేర్పాలి, ఇప్పుడే.

యాదమ్మ బిత్తరపోయి, చీర కొంగు నడుముకు దోపింది. అంటే ఒప్పుకున్నట్టే.

“కుర్సీలు దిగుండ్రి బిడ్డా. నిలవడి జూస్తె కాళ్లు కనవడయి.”

తెల్ల బట్టల్లో ముప్పై మందీ నేల మీద కూర్చున్నారు. సుశీలమ్మ గారూ కూర్చున్నారు. డాక్టరు గారు ఒకసారి అటూ ఇటూ చూసి ఆయన కూడా దిగారు. “బ్రదర్, నీ నడుం వొంగది గద. బల్ల మీద పండు. నీ కాళ్లే కడుగుత” అంది నన్ను.

వద్దన్నాను. ఆ పని ఆమెతో చేయించుకోవడానికి నాకు ముఖం లేదు. “సిగ్గువడకు, పండు” అంది. పడుకున్నాను. గోరువెచ్చని నీళ్లు పాదాల మీద పడ్డాయి. ఆ నీళ్లు ఎలా ఉంటాయో ఇన్నేళ్లూ నాకు తెలియదు. కళ్లు మూసుకున్నాను. ఆమె చేయి మడమ దాటి పైకి వచ్చి ఆగింది.

“అయ్యో బ్రదర్. నీ ఎడమ కాలు ఎన్నడన్న జూస్కున్నవా? నరాలు ఉబ్బి మెలికలు వడ్డయి. గీ మడిమ కాడ తోలు నల్లవడ్డది. ముప్పయ్ ఏండ్లు మంది కాళ్లు జూస్తివి!”

గది పగిలేలా నవ్వారు. డాక్టరు గారు మోకాళ్ల మీద దగ్గరికి వచ్చి చూసి, “నిజమే, రేపు స్కాను” అన్నారు. నేనూ నవ్వాను. ఆ గదిలో అంత తేలికగా ఎన్నడూ నవ్వలేదు.

ఒక అమ్మాయి కొలత కాగితం మోకాలి మీద పెట్టుకుని రెండు పిక్కలూ కొలిచింది, రెండు అంకెలూ రాసింది. కింద ‘గమనించినవారు’ అని ఒక గడి ఉంది. అక్కడ పెన్ను ఆపి యాదమ్మ వైపు చూసింది.

“మీ పేరు రాయనా మేడమ్?”

యాదమ్మ చేతులు తుడుచుకుంది. “రాయి బిడ్డ. యాదమ్మ.”

“ఇంటిపేరు?”

ఆమె చెప్పింది. ఇరవై ఏళ్లు పక్కనే పనిచేశాను. ఆమె ఇంటిపేరు వినడం నాకు అదే మొదటిసారి.